బావగారి ప్లాను, సరంగు దారి: క్రొయేషియా దీవుల్లో వారం

బావగారు వేసిన మొదటి ప్లానులో డుబ్రోవ్నిక్ కూడా ఉంది. స్ప్లిట్ అనే రేవుపట్నం దగ్గర శనివారం పడవ ఎక్కడం, హ్వార్, కోర్చులా దీవుల మీదుగా డుబ్రోవ్నిక్ వెళ్ళడం, శుక్రవారం సాయంత్రానికి తిరిగి రావడం. మ్యాపులో చూస్తే జానెడు దూరం. కానీ తెరచాప పడవ గంటకి ఐదారు నాటికల్ మైళ్ళు, అంటే పది కిలోమీటర్లు నడిస్తే గొప్ప. పైగా అక్కడ చార్టర్లు, అంటే పడవ అద్దెలు, మామూలుగా శనివారం నుంచి శనివారం. పడవ చేతికొచ్చేసరికి సాయంత్రం ఐదవుతుంది, శుక్రవారం చీకటిపడేలోపు మళ్ళీ మెరీనాలో, అంటే పడవలు నిలిపే రేవులో, కట్టేయాలి. వారానికి డబ్బు కట్టినా తిరగడానికి మిగిలేది ఆరు రోజులే. మా సరంగు ఆ కాగితం చూసి నవ్వి, మడిచి బావగారి చేతిలోనే పెట్టాడు.

సరంగు అంటున్నాను గానీ వాళ్ళ మాట స్కిప్పర్. స్ప్లిట్ కుర్రాడు, పాతికేళ్ళుంటాయి. మాలో ఎవరికీ పడవ నడిపే లైసెన్సు లేదు కాబట్టి అతను లేకపోతే పడవే ఇవ్వరు. మేం వెళ్ళిన 2024లో రోజుకి 200 యూరోలు, తిండి మనదే. ముందు చాలామందికి తట్టని సంగతి ఒకటుంది: అతనికీ ఒక గది కావాలి. నాలుగు గదుల పడవ తీసుకుంటే మనకి మిగిలేవి మూడే. అక్కా బావగారు ఒకదాంట్లో, మేమిద్దరం ఒకదాంట్లో, అమ్మా మా పాపా ఒకదాంట్లో సర్దుకుంటే, మేనల్లుడు వారమంతా హాల్లో సోఫా మీద పడుకున్నాడు.

కాటమరాన్ తీసుకుందామని మా ఆవిడ మొదటినుంచీ అంది. రెండు పొట్టల పడవ, పెద్దగా ఊగదు, ఒరగదు, వెడల్పుగా ఉంటుంది. కానీ మేం చూసిన వారానికి దాని అద్దె దాదాపు రెండింతలు, రేవుల్లో కట్టుకునే రుసుమూ ఎక్కువే. 2024 జూన్ రెండోవారానికి 45 అడుగుల మామూలు తెరచాప పడవ, కాస్త పాతది, 3,200 యూరోలకి దొరికింది. దాని మీద శుభ్రం చేసే ఖర్చు, దుప్పట్లు, చిన్న బోటు మోటారు అంటూ మరో మూడొందల యాభై. మోటారు విడిగా అడగాలని మాకు తెలియదు. ప్రకటనలో కనిపించే ధర చూసి లెక్కలు వేసుకోకండి. ఇంత చెప్పాక ఒప్పుకోవాలి: పెద్దవాళ్ళుంటే ఆవిడ మాటే కరెక్టు.

క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి ఐరోపాలో ఒకే వీసా నడిచే షెంజెన్‌లోనూ యూరోలోనూ ఉంది, కాబట్టి మ్యూనిక్‌లో ఉండే అక్కావాళ్ళకి వీసా గొడవ లేదు. హైదరాబాద్ నుంచి వెళ్ళిన మేం నలుగురం బస రుజువుగా చార్టర్ ఒప్పందం, పడవలో ఉండేవాళ్ళ పేర్ల జాబితా, ముందురోజుకి స్ప్లిట్ దగ్గర్లోని త్రోగిర్ ఊళ్ళో హోటల్ బుకింగ్ పెట్టాం. వీసా వచ్చింది. విమానాశ్రయం స్ప్లిట్ పేరు మీద ఉన్నా త్రోగిర్‌కే దగ్గర. మా పడవ ఉన్న కాష్టెలా మెరీనా కూడా అక్కడికి పక్కనే. స్ప్లిట్‌లో రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ కోట గోడల మధ్య జనం ఇప్పటికీ కాపురాలుంటున్నారు, ఒక సాయంత్రం చాలు.

మొదటి రాత్రి బ్రాచ్ దీవిలో మిల్నా. ఇక్కడ ఆటుపోట్లు తక్కువ, అందుకని పడవని వెనక్కి నడిపి తోక గట్టుకి ఆనిస్తారు. ముక్కు కట్టడానికి గట్టు దగ్గర్నుంచి నీళ్ళలోకి దించిన తాడు పైకి లాగాలి. ఆ తాడంతా పాచి, గుల్లలు. నా అరచేయి తెగింది, చేతితొడుగులు పట్టుకెళ్ళండి. దిగడానికి జానెడు వెడల్పు పలక. నేను అమ్మ గురించి కంగారుపడుతుంటే, "నరసాపురం రేవులో పంటు ఎక్కి కాలేజీకెళ్ళినదాన్నిరా, తప్పుకో" అని చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని దాటేసింది. ఆవిడ ఓడిపోయింది మరుగుదొడ్డి దగ్గర. చేత్తో పంపు కొట్టాలి, కాగితం వేయకూడదు. అయిదొందల లీటర్ల మంచినీళ్ళు సరంగుతో కలిపి ఎనిమిదిమందికీ రెండు రోజులొచ్చాయి.

విస్ దీవికి వెళ్ళిన సోమవారమే ఈ ప్రయాణానికి పెట్టిన డబ్బుకి సమాధానం. మధ్యాహ్నం వాయవ్యం నుంచి మాయెస్త్రాల్ గాలి లేచింది, సరంగు ఇంజిను ఆపేశాడు, పడవ ఒరిగి నీళ్ళని కోస్తూ పోయింది. పాప అరుపులు ఆనందానికి, మా ఆవిడ మౌనం వాంతికి. విస్ ఒకప్పటి యుగోస్లావియా సైన్యం స్థావరం, 1989 దాకా విదేశీయుల్ని రానివ్వలేదు. అందుకే పెద్ద హోటళ్ళు లేవు, కొండలో తవ్విన సబ్‌మెరైన్ సొరంగం మాత్రం ఉంది. హ్వార్ పట్నం ఫొటోల్లోనే బాగుంటుందని నా అనుమానం. విస్ మాత్రం కళ్ళకే బాగుంది.

మర్నాడు విస్ పక్కనున్న బిషెవో దీవిలో నీలిగుహకి, ఆపైన హ్వార్ పట్నానికి వెళ్ళాలి. పొద్దున్నే సరంగు ఫోన్లో వాతావరణం చూసి, "యూగో వస్తోంది" అన్నాడు. ఆగ్నేయం గాలి, పెద్ద అలలు. అలలుంటే గుహ మూసేస్తారు, హ్వార్ రేవులో రాత్రంతా ఊగాలి. నేరుగా హ్వార్ దీవికి ఉత్తరపు ఒడ్డునున్న స్తారి గ్రాద్ ఊరికే అన్నాడు. బావగారు ఆ పూటంతా మాట్లాడలేదు. డబ్బు కట్టింది మనం, దారి చెప్పేది అతనా అని ఆయన బాధ. ఆ రాత్రి గాలి ఊళపెట్టింది. వాయవ్యం వైపు నోరున్న ఆ పొడుగాటి కాలవలాంటి ఖాతంలో మా పడవ ఉయ్యాలంత కూడా ఊగలేదు. తెల్లారి అతనికి కాఫీ పెట్టిచ్చింది బావగారే.

అక్కడ రెండు రాత్రులున్నాం. క్రీస్తుపూర్వం 384లో పారోస్ నుంచి వచ్చిన గ్రీకులు కట్టిన ఊరు. వాళ్ళు రాతిగట్లతో పంచుకున్న పొలాల్లో ఇప్పటికీ ద్రాక్ష, ఆలివ్ పండిస్తున్నారు. సైకిళ్ళు అద్దెకు తీసుకుని తిరిగాం. అమ్మ టాక్సీలో వచ్చి గట్టు మీద కూర్చుని, సరిహద్దు తగాదాలు ఎన్ని జరిగుంటాయో అంది.

తిండికి భయపడక్కర్లేదు. కొనొబా అనే చిన్న హోటళ్ళలో బ్లిత్వా అడిగితే ఆకుకూర, బంగాళదుంప ఆలివ్ నూనెలో వెల్లుల్లితో ఇస్తారు, అమ్మ ఆవకాయ నంజుకుని తింది. నెయ్యి ఇండియా నుంచి తేకూడదు, పాలపదార్థాలు ఐరోపాలోకి రానివ్వరు. అక్క మ్యూనిక్‌లో కొని తెచ్చింది. నిప్పుల కింద మూకుడు బోర్లించి వండే పెకా కావాలంటే పొద్దున్నే చెప్పాలి.

శుక్రవారం డీజిల్ పంపు దగ్గర గంటన్నర వరుస, పడవలన్నీ ఒకేసారి తిరిగొస్తాయి. సామాన్లు దించేలోపు ఒక గజ ఈతగాడు అడుగు చూసి, చుక్కాని మీద గీత ఉందన్నాడు, ఆఫీసువాళ్ళు 400 యూరోలు అన్నారు. శనివారం పడవ తీసుకున్నప్పుడే మేనల్లుడు నీళ్ళలోకి దూకి అడుగంతా వీడియో తీసి పెట్టాడు, ఆ గీత అందులో ఉంది. అది చూపించాక మాట్లాడలేదు. డిపాజిట్‌గా నా క్రెడిట్ కార్డు మీద పట్టి ఉంచిన 2,500 యూరోలు తొమ్మిదో రోజుకి వదిలారు.