తోట బొమ్మకు స్వెట్టర్: గొట్టంలా అల్లాలా, విప్పి గుండీలు పెట్టాలా?

కుక్కపిల్లకు స్వెట్టర్ తొడిగేటప్పుడు అది కాలు మడుస్తుంది, మెడ వంచుతుంది. తోటలోని సిమెంటు కుక్క ఆ సాయం చేయదు. పైగా దాని నాలుగు పాదాలూ దిమ్మలో కలిసిపోయి ఉంటాయి. అందుకే రంగు, డిజైన్ కన్నా ముందు ఇది ఎటునుంచి ఎక్కుతుందో తేల్చుకోవాలి.

బాతు, కొంగ లాంటి పక్షి బొమ్మలకైతే గొట్టం అల్లికే మేలు. తల చిన్నది, కాళ్ల గొడవ లేదు. సర్క్యులర్ సూది (తీగతో కలిపిన సూదుల జత) మీద అతుకు లేకుండా అల్లి, తల మీదుగా దించేయవచ్చు. మెడ పట్టీ 2 నిట్ (సూటి కుట్టు), 2 పర్ల్ (తిరగ కుట్టు) చొప్పున చారల్లా వచ్చే రిబ్బింగ్‌లో అల్లితే సుమారు ఒకటిన్నర రెట్లు సాగుతుంది కాబట్టి తల దూరిపోతుంది. అడుగు అంచులో ఒక తాడు దూర్చి బిగిస్తే గాలికి పైకి లేవదు.

నాలుగు కాళ్ల బొమ్మ దగ్గర గొట్టం పనికిరాదు. పొట్ట కింద తెరిచి గుండీలు పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, అదీ చాలదు. కాలి రంధ్రం కూడా మూసిన వలయమే కదా, దిమ్మకు అతుక్కున్న కాలు అందులోకి ఎలా దూరుతుంది? అందుకని రెండు ముక్కలు అల్లాలి: వీపు, పక్కలు కప్పే పెద్ద ముక్క ఒకటి, ముందు కాళ్ల మధ్య నుంచి పొట్ట కిందికి వెళ్లే సన్నని పట్టీ ఒకటి. ప్రతి ముందు కాలికీ ముందొక గుండీ, వెనకొక గుండీ పెడితే, అవి పెట్టాకే కాలి రంధ్రం ఏర్పడుతుంది. మెడ కూడా ఛాతీ వైపు తెరిచే ఉండాలి.

లెక్క ఇలా వేయండి. ఛాతీ చుట్టుకొలత 64 సెం.మీ. అనుకుందాం. రాతి బొమ్మ ఊపిరి తీసుకోదు, కదలదు. అందుకే 8 శాతం తగ్గించి 59కి అల్లితే ఒంటికి అతుక్కుని నిలుస్తుంది. అందులోంచి పొట్ట పట్టీ 10 సెం.మీ. తీసేసి, గుండీల దగ్గర ముక్కలు ఒకదానిపై ఒకటి వచ్చేందుకు ఇరుపక్కలా 2.5 చొప్పున కలిపితే వీపు ముక్క 54 సెం.మీ. ఉండాలి. 10 సెం.మీ.కు 18 కుట్లు వచ్చే ఊలుతో వీపుకు 98, పట్టీకి 18 ఎక్కించండి. వీపు ముక్క మొత్తం స్టాకినెట్‌లోనే (ఒక వరస నిట్, ఒక వరస పర్ల్) అల్లితే అంచులు చుట్టుకుపోతాయి. రెండు పక్కలా ఆరేసి కుట్లు గార్టర్‌లో (ప్రతి వరసా నిట్) నడపాలి.

ఊలు సంగతికొస్తే, ఆరుబయట అక్రిలిక్ అనే కృత్రిమ దారానిదే పైచేయి. నీరు తక్కువ పీలుస్తుంది, త్వరగా ఆరుతుంది, చెదలు, చిమ్మటలు ముట్టవు. వేడి లైటుకు తగిలితే కరుగుతుంది, అదొక్కటే జాగ్రత్త. నూలు దారం తడిస్తే బరువెక్కి పొట్ట దగ్గర జారి వేలాడుతుంది, బూజూ పడుతుంది. అసలైన గొర్రె ఊలు చేతికి ఎంత హాయిగా ఉన్నా, తడిసి గాలికి రాపిడి పడితే ముద్దకట్టి కురచబడుతుంది. బొమ్మకు వెచ్చదనం అక్కర్లేదు కాబట్టి ఆ ఖర్చుకు అర్థం లేదు. ఒకే కొక్కెం సూదితో అల్లే క్రోషే తక్కువ సాగుతుంది గానీ, గరుకు సిమెంటుకు దారం తగులుకుని తెగినప్పుడు నిట్టింగ్ లాగా వరసలు వరసలుగా ఊడిరాదు. చెవులు, పంజాలు పదునుగా ఉన్న బొమ్మకు అదే నయం.

అల్లే ముందు 10 సెం.మీ. చదరపు నమూనా ముక్క ఒకటి తప్పనిసరి. దాన్ని తూచండి: 4 గ్రాములు వస్తే, 2,700 చదరపు సెం.మీ. స్వెట్టర్‌కు 27 ముక్కల లెక్కన 108 గ్రాములు, కాలర్‌కూ అతుకులకూ కలిపి 130 పట్టుకోండి. తర్వాత ఆ ముక్కను నీళ్లలో ముంచి గంటసేపు తెల్లగుడ్డ మీద పెట్టండి. గుడ్డకు రంగు అంటితే లేత రంగు రాతికీ అంటుతుంది, అక్కడ కడిగినా పోదు. ఆరకముందే క్లిప్పుతో వేలాడదీసి పొడవు మళ్లీ కొలవండి. అర సెం.మీ. సాగిందంటే 45 సెం.మీ. వీపు ముక్క రెండు సెం.మీ. పైగా జారుతుంది, ఆ మేరకు వరసలు తగ్గించాలి.

గుండీలు ప్లాస్టిక్‌వే కుట్టండి, ఇనుప గుండీ తుప్పు మరక వదులుతుంది. ముసురు పట్టినప్పుడు స్వెట్టర్ విప్పేయాలి: తడి గుడ్డ కింద రాయి పాచి పడుతుంది, పెయింటు పొక్కుతుంది. గుండీల స్వెట్టర్ అయితే ఈ పని నిమిషంలో అవుతుంది. గొట్టాన్నైతే తడిసి బిగుసుకున్నాక మెడ మీదుగా లాగాలి, రిబ్బింగ్ సాగిపోయేది అప్పుడే.