మానవ కణం త్రీడీ మోడల్: కేంద్రకం సూపర్, గాల్జి మాత్రం నిలబడదు

మూడు నెలల కింద మా అమ్మాయి సైన్సు పాఠం కోసమని మానవ కణం మోడల్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాం. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇదే బొమ్మ నాలుగైదు పేర్లతో కనిపిస్తోంది. వాడి చూశాక రాస్తున్నా, కొనేముందు ఒకసారి చదవండి.

బాక్సులో ఏముందంటే, సగానికి కోసిన బంతిలాంటి కణం, అడ్డంగా కొలిస్తే 25 సెంటీమీటర్లు, దానికో స్టాండు, అయస్కాంతంతో అతుక్కునే కణాంగాలు (అంటే కణం లోపలి భాగాలు), చిన్న పుస్తకం, పేర్ల స్టిక్కర్లు. మొదటి రోజే స్టిక్కర్ల దగ్గర తేడా కొట్టింది. అందులో "కణకవచం" అని ఒక స్టిక్కరు ఉంది! కణకవచమంటే కణం చుట్టూ ఉండే గట్టి గోడ. మనిషి కణానికి అది ఎక్కడిది, అది మొక్కలకి కదా. మొక్క కణం సెట్టుకీ దీనికీ ఒకే షీటు అచ్చేసి పడేసినట్టున్నారు. ఈ తప్పు పట్టింది నేను కాదు, మా అమ్మాయే.

కేంద్రకం మాత్రం అద్భుతంగా చేశారు. బయటికి తీసి చేతిలో పట్టుకుంటే రెండు పొరలూ విడివిడిగా తెలుస్తాయి, పైన చిన్న చిన్న రంధ్రాలు, లోపల కేంద్రకాంశం అనే చిన్న ముద్ద. నాకు బాగా నచ్చిందేంటంటే, కేంద్రకం బయటి పొర అలాగే సాగి అంతర్జీవద్రవ్య జాలంగా (ప్రోటీన్లు తయారయ్యే పొరల వల) మారుతున్నట్టు చూపించారు. నిజంగా అంతే ఉంటుంది, కానీ చాలా పుస్తకాల్లో రెండిటినీ దేనికదే విడిగా గీసేస్తారు. రంధ్రాలు ఇందులో ముప్పై దాకా ఉన్నాయి, అసలు కేంద్రకంలో వేలల్లో ఉంటాయి. లోపల తయారైన ఆర్ఎన్ఏ (డీఎన్ఏలోని సమాచారానికి నకలు) బయటికి రావాలన్నా, బయట తయారైన ప్రోటీన్లు లోపలికి పోవాలన్నా అవే గేట్లు.

మైటోకాండ్రియా మూడిచ్చారు, అందులో ఒకటి నిలువుగా తెరుచుకుంటుంది. లోపలి పొర మడతలు వేలికి తగులుతాయి. పుస్తకంలో "కణ శక్త్యాగారం" అని ఒక ముక్క రాసి ఊరుకున్నారు, అదే నాకు ఒళ్లు మండింది. ఆ మడతలు ఎందుకో చెప్పాలి కదా! మడతలుంటే తక్కువ చోటులో ఎక్కువ పొర పడుతుంది, శక్తి తయారయ్యేది ఆ పొర మీదే. ప్రోటాన్లను ముందు పొరకి ఒక పక్కకి తోడిపోస్తారు, అవి మళ్లీ వెనక్కి జారేటప్పుడు ఏటీపీ సింథేజ్ అనే చిన్న మర గిర్రున తిరిగి ఏటీపీ, అంటే కణం వాడుకునే ఇంధనం, చేస్తుంది. డ్యాము నీళ్లకి టర్బైను తిరిగినట్టే. ఇది చెప్పాక వీటికి సొంత డీఎన్ఏ ఉందని, 37 జన్యువులని, అవి తల్లి నుంచే వస్తాయని కూడా చెప్పాను. "అయితే ఇందులో నీది ఏమీ లేదా నాన్నా?" అంది. వాళ్లమ్మ పక్కగదిలోంచి నవ్వింది.

ఇక గాల్జి సంగతి, అంటే ప్రోటీన్లను సర్ది ఎక్కడికి పోవాలో అక్కడికి పంపే కణాంగం. దానికి పెట్టిన అయస్కాంతం మరీ చిన్నది, స్టాండు కొంచెం కదిలినా టప్పున రాలిపోతుంది. ఇటలీ శాస్త్రవేత్త కామిల్లో గాల్జి 1898లో దీన్ని నాడీకణాల్లో చూశానంటే, అది నిజంగా ఉందా, లేక రంగు వేయడంలో వచ్చిన మరకా అని దశాబ్దాల పాటు వాదించుకున్నారు, 1950ల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూశాకే గొడవ సద్దుమణిగింది. మా ఇంట్లో మాత్రం అది ఉందా లేదా అనేది సోఫా కింద చూస్తే గానీ తేలదు.

లైసోజోములు, అంటే కణంలోని చెత్తని అరిగించే సంచులు, ఇందులో పసుపు గోళీలు, పర్వాలేదు. కానీ పుస్తకంలో ఇవి పగిలితే కణం చచ్చిపోతుందన్నట్టు రాశారు, అది మరీ సినిమా. వీటి లోపలి ఎంజైములకి పీహెచ్ 5 దగ్గర, అంటే కాస్త ఆమ్లంగా, ఉంటేనే జోరు, బయట కణద్రవ్యంలో 7.2 దాకా ఉంటుంది కాబట్టి ఒకటో రెండో పగిలినంత మాత్రాన కొంప మునగదు.

ఒక ఆదివారం కూర్చుని లెక్క వేశాం, నిజంగా ఇంత సైజుకి పెంచితే ఏది ఎంత ఉండాలి అని. కణం 20 మైక్రోమీటర్లు అనుకుంటే మోడల్ దానికి 12,500 రెట్లు. కణత్వచం, అంటే కణం బయటి పొర, మందం దాదాపు 8 నానోమీటర్లు, అంటే ఇక్కడ 0.1 మిల్లీమీటరు, నోట్‌బుక్ కాగితమంత ఉంటే చాలు. వీళ్లు సెంటీమీటరు మందాన ప్లాస్టిక్ పోశారు! ప్రోటీన్లు తయారుచేసే రైబోసోములు ఆవగింజంత పెట్టారు గానీ ఇసుక నలుసంత ఉండాలి. డీఎన్ఏ లెక్క తేలేసరికి ఇద్దరం మళ్లీ మొదటినుంచి వేసి చూసుకున్నాం. ఒక్కో కణంలో దాదాపు రెండు మీటర్ల డీఎన్ఏ అంటారు కదా, ఆ లెక్కన ఈ అరచేతిలో పట్టే కేంద్రకంలో 25 కిలోమీటర్ల దారం ఉండాలి, అదీ తలవెంట్రుక కంటే సన్నగా, 46 ముక్కలుగా. మోడల్‌లో ఉన్నది ఒక ఎర్ర స్ప్రింగు.

ఇవన్నీ బొమ్మలో చూపించడం కష్టం, వదిలేద్దాం. నేను వదలలేనిది కణ అస్థిపంజరం, అంటే కణానికి ఆకారమిచ్చే సన్నని పోగుల అల్లిక. అది అసలు లేనే లేదు! సెంట్రియోల్స్ (కేంద్రకం పక్కనుండే జంట గొట్టాలు) పెట్టి, ఆ పక్కనుంచే మొదలయ్యే సూక్ష్మనాళికలు (ఆ అల్లికలోని సన్నని గొట్టాలు) పెట్టలేదు, అంటే స్టేషన్ కట్టి పట్టాలు వేయలేదు. జాలంలో తయారైన ప్రోటీను చిన్న సంచిలో గాల్జికి చేరాలంటే ఆ పట్టాల మీదే లాక్కెళ్లాలి, ఆ పని ముఖ్యంగా డైనీన్ అనే మోటారు ప్రోటీను చేస్తుంది, అలాంటిదే ఇంకో మోటారు కైనెసిన్ అడుగుకి 8 నానోమీటర్ల చొప్పున నడుస్తుంది. ఈ మోడల్ చూస్తే అన్నీ నీలం జెల్లీలో ఊరికే తేలుతున్నట్టుంటుంది. అందుకే సెంట్రియోల్స్ దగ్గర ఎర్ర ఊలు దారాలు ఫెవికాల్‌తో అంటించి కణత్వచం దాకా లాగాం, ఇప్పుడు కాస్త కణంలా కనిపిస్తోంది. పనిలో పనిగా గాల్జిని కూడా ఒక దారంతో కట్టేశాం.

ఇంకోటి, బాక్సు మీద "మానవ కణం" అని రాశారు గానీ మన ఒంట్లో సంఖ్య లెక్కన ఎక్కువున్నవి ఎర్ర రక్తకణాలు, వాటిలో కేంద్రకమూ ఉండదు, మైటోకాండ్రియా కూడా ఉండవు. ఆ లెక్కన అయస్కాంతాలన్నీ ఊడిపోయిన మోడలే ఎక్కువ నిజం.

ఐదుకి మూడున్నర ఇస్తున్నా. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకైతే కొనొచ్చు, పక్కన కూర్చుని చెప్పేవాళ్లుంటే. పుస్తకాన్ని నమ్ముకుని కొనొద్దు. కొత్త గాల్జి పంపమని మెయిల్ పెడితే పది రోజులకి ఒక కవరు వచ్చింది, విప్పి చూస్తే ఇంకో స్టిక్కర్ల షీటు, కణకవచంతో సహా.