రోమింగ్ ఆపేసి పది రోజులు: స్ట్రాస్‌బర్గ్, బాసెల్, వెనిస్

అక్కా నేనూ ఈసారి ఒక పంతం పట్టాం. ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్, స్విట్జర్లాండ్‌లో బాసెల్, ఇటలీలో వెనిస్, ఈ పది రోజుల ప్రయాణంలో ఇద్దరి ఫోన్లలోనూ డేటా రోమింగ్, అంటే పరాయి దేశపు నెట్‌వర్క్ మీద మన సిమ్‌తో నెట్ వాడటం, ముట్టుకోకూడదు. కిందటిసారి నా ఫోను జేబులో ఉండగానే తనంతట తాను ఫొటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కించి, యాప్‌లు అప్‌డేట్ చేసుకుని తెచ్చిపెట్టిన బిల్లు ఇంకా కళ్ల ముందే ఉంది. అక్కకి ఒకటే బెంగ. "దారి తప్పితే ఏంట్రా మన గతి?"

దారి చూసుకోవడానికి నెట్ అక్కర్లేదంటే చాలామంది నమ్మరు. అక్కా నమ్మలేదు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ రేడియో సంకేతాలు పంపుతూనే ఉంటాయి. ఫోను వాటిని వినడమే తప్ప తిరిగి ఏమీ పంపదు. నాలుగు ఉపగ్రహాలు సరిగ్గా వినిపిస్తే మనం ఎక్కడున్నామో లెక్క కట్టేసుకుంటుంది. రేడియోలో పాట విన్నందుకు స్టేషన్‌వాళ్లు బిల్లు పంపరు కదా, ఇదీ అంతే. నెట్ ఖర్చయ్యేది మనం ఎక్కడున్నామో చూపే ఆ నీలిచుక్క కింద పరిచే మ్యాపుకి, వెతుకులాటకి, ట్రాఫిక్ కబుర్లకి. మ్యాపు ముందే దించుకుని పెట్టుకుంటే సగం ఖర్చు పోయినట్టే.

ఒక్క చిక్కుంది. నెట్ ఉన్న ఫోను ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఆ చిట్టాని సర్వర్ నుంచి చిటికెలో తెచ్చుకుంటుంది. నెట్ లేని ఫోను అదే చిట్టాని ఉపగ్రహం చెబుతుంటే నింపాదిగా విని రాసుకోవాలి. ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలు పూర్తిగా చెప్పడానికే అర నిమిషం పడుతుంది. మధ్యలో సంకేతం తెగితే మళ్లీ మొదటికొస్తుంది. స్ట్రాస్‌బర్గ్ స్టేషన్ ముందుభాగమంతా పెద్ద గాజు తొడుగు. దాని కింద నిలబడి నేను ఫోన్ రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. చుక్క రాలేదు. బయట చౌరస్తాలోకొచ్చి, ఆకాశం బాగా కనిపించేచోట కదలకుండా నిలబడితే నాలుగు నిమిషాలకి వచ్చింది. ఆ నాలుగు నిమిషాలూ అక్క నావైపు చూసిన చూపు సంగతి వదిలేయండి.

స్ట్రాస్‌బర్గ్ మాత్రం కొత్తవాళ్లకి హాయైన ఊరు. ఇల్ నది చుట్టూ తిరిగిన ద్వీపంలో పాత పట్టణం, మధ్యలో 142 మీటర్ల కెథడ్రల్ గోపురం. ఫోను పోయినా ఆ గోపురాన్ని పట్టుకుని తిరిగెయ్యొచ్చు. అయినా ఇక్కడే తెలిసొచ్చిన ముఖ్యమైన సంగతి ఏంటంటే, గూగుల్ మ్యాప్స్‌లో దించుకున్న మ్యాపు ఆఫ్‌లైన్‌లో కారు దారి మాత్రమే చెప్పింది. నడిచే దారి అడిగితే నెట్ కావాలంది. పాత పట్టణంలో చాలా వీధులు నడిచేవాళ్లవే. కారు దారి పట్టుకుంటే రెండడుగుల దూరానికి ఊరంతా తిప్పుతుంది.

అందుకని రెండో యాప్‌గా ఆర్గానిక్ మ్యాప్స్ పెట్టుకున్నాం. ఇది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడుస్తుంది. 2004లో బ్రిటన్‌లో మొదలై, ఎక్కడివాళ్లు అక్కడ స్వచ్ఛందంగా గీస్తూ వచ్చిన మ్యాపు అది. కాలిబాటలు, మెట్లు, తాగునీటి కుళాయిలు కూడా ఉంటాయి. నడక దారి నెట్ లేకుండానే చెబుతుంది. దాని బలహీనత వెతకడంలో ఉంది. పేరులో ఒక అక్షరం తప్పు కొడితే మొహం తిప్పేసుకుంటుంది. ఏ మ్యూజియం ఎన్నింటికి మూస్తారో దాన్ని నమ్ముకోలేం. కాబట్టి రాత్రి వైఫైలో గూగుల్‌లో వెతకడం, దొరికిన చోటల్లా రెండో యాప్‌లో గుర్తు పెట్టుకోవడం, పగలు దాన్ని పట్టుకుని నడవడం. డబుల్ చాకిరీనే, ఒప్పుకుంటాను. ట్రామ్ వేళలు రెండిట్లోనూ దొరకలేదు. స్టాపులో అంటించిన రూటు బోర్డుని ఫొటో తీసుకున్నాం. డి లైను ట్రామ్ రైన్ నది దాటి జర్మనీలోని కేల్ దాకా వెళ్తుంది. చుక్క నది మీద జరుగుతుంటే చూస్తూ సరైన స్టాపులో దిగాం.

ఈ రాత్రి చాకిరీ కోసమే హోటల్ వైఫైని పట్టించుకోవాల్సొచ్చింది. స్ట్రాస్‌బర్గ్‌లో మేం దిగిన చోట గది శుభ్రంగా ఉంది, స్టేషన్‌కి దగ్గర, కానీ వైఫై లాబీలో తప్ప రాదు. బుకింగ్ పేజీలో మాత్రం 'ఉచిత వైఫై' అని ఉంది, అబద్ధం కాదు మరి. రోజూ రాత్రి పదింటికి లాబీ సోఫాలో ఇద్దరం ఫోన్లు పట్టుకుని పరీక్షకి చదివే పిల్లల్లా కూర్చునేవాళ్లం. ఇప్పుడు గది బుక్ చేసేముందు పాత అతిథుల రివ్యూల్లో 'వైఫై' అన్న మాట వెతికి అదొక్కటే చదువుతున్నాను.

బాసెల్‌లో ఆ బాధ లేదు. పైగా ఈ ఊరిలో హోటల్లో దిగినవాళ్లకి బాసెల్‌కార్డ్ ఇస్తారు, ఉన్నన్ని రోజులూ ట్రాములు, బస్సులు ఉచితం. మేం తిరిగిన మూడూళ్లలో సౌకర్యానికి మార్కులు వేయమంటే దీనికే వేస్తాను. రైన్ నది మీద ఇంజను లేకుండా ప్రవాహం తోపుతోనే అటూ ఇటూ తిరిగే పడవలున్నాయి, ఎక్కి తీరాలి.

కానీ నెట్ విషయంలో మాకు మొట్టికాయ పడింది కూడా ఇక్కడే. ఆపదకి ఉంటుందని అక్క తన ఫోన్లో చిన్న ఈసిమ్ (కార్డు పెట్టే పని లేకుండా ఫోన్లోకే ఎక్కే సిమ్) డేటా ప్యాక్ వేయించుకుంది. పేరులో 'యూరప్' అని ఉంది. బాసెల్లో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, డేటా మాత్రం సున్నా. లాబీలో కూర్చుని దేశాల జాబితా తెరిస్తే ముప్ఫైకి పైగా పేర్లున్నాయి, స్విట్జర్లాండ్ లేదు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు. 2017 జూన్ నుంచి ఆ యూనియన్ దేశాల్లో అమల్లో ఉన్న అదనపు ఛార్జీల్లేని రోమింగ్ నియమం దీనికి వర్తించదు. ప్యాకు పేరు చూసి కొనకూడదు, జాబితా చదవాలి. నేను చదవలేదు, అక్క కొనేటప్పుడు పక్కనే ఉండి "తీసుకో, తీసుకో" అన్నది కూడా నేనే.

మర్నాడు 8వ నంబరు ట్రామెక్కి సరిహద్దు దాటి వైల్ ఆమ్ రైన్ వెళ్లాం. అక్కడ 2007లో కట్టిన కాలినడక వంతెన ఉంది. ఈ చివర జర్మనీ, ఆ చివర ఫ్రాన్స్, కాస్త దూరంలో స్విట్జర్లాండ్. వంతెన దాటేలోపే మూడు దేశాల పేర్లతో స్వాగతం మెసేజీలు వచ్చాయి. ఫోనుకి సరిహద్దు రాళ్లతో పని లేదు, గట్టిగా వినిపించిన టవరే దాని దేశం. జర్మన్ ఒడ్డున నిలబడ్డా స్విస్ టవర్ పట్టుకుంటే బిల్లు స్విస్ లెక్కలోనే పడుతుంది. అలాంటిచోట సెట్టింగుల్లో నెట్‌వర్క్‌ని ఆటోమేటిక్ నుంచి తీసేసి చేత్తో ఎంచుకోవడం మంచిది. మేమైతే ఏకంగా ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేశాం. అందులోనూ జీపీఎస్ పనిచేస్తుంది, టవర్ల వేట ఆగిపోవడంతో బ్యాటరీ కూడా సాయంత్రం దాకా వచ్చింది.

బాసెల్ నుంచి మిలాన్ రైల్లో గొట్టార్డ్ బేస్ టన్నెల్ వస్తుంది. 57 కిలోమీటర్ల పొడవు, 2016లో తెరిచారు. చుక్క ఉత్తరం వైపు గుహ నోటి దగ్గరే ఇరవై నిమిషాలు అతుక్కుపోయి, బయటపడగానే ఆల్ప్స్‌ని ఒక్క గెంతులో దాటేసింది.

ఇక వెనిస్. కార్లే లేని ఊరికి కారు దారి చెప్పే మ్యాపు దేనికి పనికొస్తుంది? ఊరి అంచున పియాత్సాలే రోమా అనే చౌరస్తా దాకా రోడ్డు, ఆ తర్వాత దానికి మాటల్లేవు. రెండో యాప్ ఉందిగా అన్న ధీమాతో స్టేషన్ దిగాం. మేం బస కుదుర్చుకున్న ఇంటి యజమానురాలు పంపిన చిరునామాలో కన్నరేజో అని పేట పేరు, నాలుగంకెల నంబరు. అంతే, వీధి పేరు లేదు. వెనిస్‌లో ఇళ్ల నంబర్లు వీధి వారీగా ఉండవు. ఊరు ఆరు పేటలు, ఒక్కో పేటకీ మొదట్నుంచీ చివరిదాకా ఒకటే వరస. అంటే అదే నంబరు పక్క పేటలోనూ ఉండొచ్చు. నేను నంబరు కొట్టి, మొదట వచ్చినదాన్ని నొక్కాను. అది కాస్తెల్లో పేటది.

నలభై నిమిషాలు నడిచాం. ప్రతి వంతెనకీ మెట్లెక్కి మెట్లు దిగాలి, సూట్‌కేసు చక్రాలు దేనికీ పనికిరావు. చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత సందుల్లో ఉపగ్రహ సంకేతాలు గోడలకి కొట్టుకుని వస్తాయి. చుక్క కాలవ దాటి అవతలి ఇంటి మీద కూర్చుంటుంది, మళ్లీ వెనక్కొస్తుంది. దాన్ని నమ్మి మలుపు తిరిగితే, సందు చివర మూడు మెట్లు, నాచు పట్టిన మూడోదాని మీద పచ్చటి నీళ్లు ఊగుతున్నాయి. పడవ ఉన్నవాళ్ల గుమ్మం అది. అక్క సూట్‌కేసు మీద కూలబడి, "ఒరేయ్, నీ ఉపగ్రహాలకి ఈత వచ్చా?" అంది.

కాస్త వెడల్పైన ఆవరణలోకి వచ్చి నిమిషం ఆగితే చుక్క కుదురుకుంది. పేట పేరు అప్పుడు చూశాను. అక్క ఇంకేం అడక్కుండా ఈసిమ్ ఆన్ చేసింది. ఇటలీ జాబితాలో ఉంది. ఇంటి యజమానురాలికి కాల్ వెళ్లింది, ఆవిడ లొకేషన్ పంపింది, పది నిమిషాల్లో సరైన పేటలో పడ్డాం. పంతం పోయిందా అంటే సగం పోయింది. దారికి నెట్ అక్కర్లేదు గానీ, మనిషితో మాట్లాడటానికి కావాలి. చిన్న ప్యాకు ఆ పనికి ఉంచుకోవాల్సిందే.

ఇల్లు బాగుంది, వైఫై గట్టిది, కిటికీ కింద కాలవ. కానీ రిసెప్షన్ లేని ఇళ్లు నెట్ లేకుండా వచ్చేవాళ్లకి తగవు. తీసుకుంటే బయల్దేరకముందే లొకేషన్ పిన్ తెప్పించుకుని, మ్యాపులో గుర్తు పెట్టుకుని, స్క్రీన్‌షాట్ కూడా తీసి ఉంచుకోవాలి.

మర్నాడు అక్క నా ఫోన్ లాక్కుని సంచిలో వేసేసింది. గోడల మీద రియాల్టో వంతెనకీ సాన్ మార్కో చౌకుకీ బాణాలేసిన పసుపు బోర్డులున్నాయి, వాటి వెంటే పోదామంది. పోయాం, బాగానే పోయాం. ఒకచోట సాన్ మార్కో పేరు కింద ఒక బాణం ఎడమకి, ఇంకో బాణం కుడికి ఉంది. అక్క ఆ గోడని కాసేపు చూసి, ఏమీ అనకుండా సంచిలోంచి ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. ఎడమకి వెళ్తే పదకొండు నిమిషాలు, కుడికి పన్నెండు.