వాన నీటి సంపు: తొమ్మిదేళ్ల పద్దు

మా ఇంట్లో పాలు, గ్యాసు, కరెంటు పద్దులు రాసుకునే పొడవాటి నోటుబుక్కు ఒకటుంది. దాన్ని వెనుక నుంచి తిరగేస్తే నాలుగు పేజీల నిండా వాన నీటి లెక్కలే. మొదటి పద్దు 2016 మే నెలది. కాలనీలో ఎవరు కొత్తగా ఇల్లు మొదలుపెట్టినా మా గేటు దగ్గర ఆగి, "వాన నీటికి ఎంత పెట్టారు?" అని అడుగుతారు. పెట్టింది చెబుతాను. ఏటా ఎంత పెడుతున్నానో ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఆ అడగని ప్రశ్నకే ఈ జవాబు.

మాది హైదరాబాద్ తూర్పు శివారు. 200 గజాల స్థలం, 1,400 చదరపు అడుగుల స్లాబు. 2016 వేసవిలో నగరానికి నీళ్లిచ్చే సింగూరు, మంజీర జలాశయాలు ఎండిపోయి నగరం నీళ్లకు కటకటలాడింది. మా బోరు ఉగాదికే చేతులెత్తేసింది. ఆ వేసవిలో 14 ట్యాంకర్లు కొన్నాం. అర్ధరాత్రి ఒంటిగంటకు ట్యాంకరు వస్తే లేచి, పైపు సంపులో పెట్టి, చివరి బిందె దాకా దిగిందో లేదో టార్చి వేసి చూసుకునే బతుకు. నాలుగో ట్యాంకరు నాడే మా ఆవిడ, ఈ డబ్బేదో ఒక్కసారే పోసి వాన నీళ్లు పట్టుకుందామంది.

పెట్టుబడి ఇదీ. మున్సిపల్ నీళ్ల సంపు కాక వాన నీటికి విడిగా 10,000 లీటర్ల సంపు, తవ్వకంతో కలిపి 92,000 రూపాయలు. పైపులు, ప్లంబరు కూలి 18,500. ఇసుక, కంకర, బొగ్గు నింపిన డ్రమ్ము ఫిల్టరు 14,000. సంపు నిండాక పొంగే నీళ్లు పోవడానికి బోరుకు ఐదడుగుల దూరంలో ఆరడుగుల ఇంకుడు గుంత, 21,000. అర హెచ్‌పీ మోటారు 4,200. మొత్తం 1,49,700. పైపుల ఖర్చు అంత కావడానికి కారణం ఇల్లు కట్టినప్పటి తెలివితక్కువతనం. స్లాబు వాలు నాలుగు మూలలకూ ఉంది, నాలుగు మూలలకూ నాలుగు పైపులు. వాటన్నిటినీ ఇంటి చుట్టూ తిప్పి ఒక చోటికి తేవడానికి ముందు వేసిన గచ్చు పగలగొట్టాల్సి వచ్చింది. స్లాబు వేసే రోజే మేస్త్రీకి చెప్పి వాలంతా ఒక మూలకు పెట్టించుకుంటే ఆ ఖర్చులో సగం మిగిలేది.

పని అయిపోయిన రోజు ప్లంబరు చేతులు కడుక్కుంటూ, "ఒకసారి కట్టేస్తే ఇక దీని జోలికి రానక్కర్లేదు సార్" అన్నాడు. ఈ తొమ్మిదేళ్లలో నేను విన్న అబద్ధాలన్నిటిలోకీ ఖరీదైనది ఇదే.

మొదటి దెబ్బ మొదటి వానకే తగిలింది. స్లాబు మీది దుమ్ము, పావురాల రెట్ట సంపులోకి దిగకుండా తొలి నీటిని పక్కకు మళ్లించే పైపు ఒకటి ఉంటుంది. మాకు పదడుగుల నాలుగంగుళాల పైపు నిలబెట్టి, అడుగున మూత బిగించారు. దానిలో పట్టేది దాదాపు 26 లీటర్లు. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. మా స్లాబు 130 చదరపు మీటర్లు. అంటే ఒక్క మిల్లీమీటరు వానకే 130 లీటర్లు దిగుతాయి. ఆ 26 లీటర్ల పైపు నిండేసరికి స్లాబు ఇంకా పూర్తిగా తడవను కూడా తడవదు. రెట్టంతా ఎంచక్కా ఫిల్టరులోకి పోయింది. సంపు మూత తీస్తే కోళ్ల గూడు వాసన. ఆ పైపుకు 200 లీటర్ల డ్రమ్ము తగిలించడానికి 1,800 అయింది. ఈ లెక్క వేయడానికి ఇంజినీరు అక్కర్లేదు, ఐదో తరగతి గుణకారం చాలు. కానీ వేసినవాళ్లు లేరు.

ఇక డ్రమ్ము ఫిల్టరు. పక్కింటివారి వేపచెట్టు కొమ్మ మా పిట్టగోడ మీదికి వాలి ఉంటుంది. ఏప్రిల్ చివర్లో గాలివాన వస్తే రాలిన వేపపూత అంతా నీళ్లతో కొట్టుకొచ్చి, ఇసుక మీద తడిసిన అటుకుల ముద్దలా పేరుకుంటుంది. నీళ్లు దిగక పైనుంచి పొర్లిపోతాయి. మూడేళ్లు ఇసుక తీసి కడిగాను. 2019లో విసుగొచ్చి దాన్ని పీకేయించి, గోడకు బిగించే స్టీలు జాలీ ఫిల్టరు పెట్టించాను, 8,500. జాలీని బయటికి లాగి పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే ఐదు నిమిషాల పని. ఈ మొత్తం ఏర్పాటులో నేను మనసారా మెచ్చుకునే సామాను అదొక్కటే. మొదటే దాన్ని కొనివుంటే 14,000 మిగిలేవి.

తర్వాతి పద్దులు చకచకా చెప్పేస్తాను. ఏటా మే నెలలో సంపు కడిగించడానికి తొమ్మిదేళ్లకు 14,400. 2021లో సంపు గోడ చీలింది, వాటర్‌ప్రూఫింగుకు 11,000. మోటారు ఒకసారి రీవైండింగు, తర్వాత కొత్తది, కలిపి 7,400. ఎండకు పెళుసెక్కి పగిలిన పైపులు, క్లాంపులు మార్చడానికి 2023లో 7,400.

ఇంకుడు గుంత గురించి మాత్రం నిదానంగా చెప్పాలి. నీరు, భూమి, చెట్లను కాపాడేందుకని వాల్టా చట్టం 2002లో వచ్చింది. అప్పటినుంచి ఇంటి అనుమతి కాగితాల్లో ఇంకుడు గుంత బొమ్మ ఉంటూనే ఉంది. బొమ్మలో గుంతకు పూడిక రాదు. మాది 2019 నాటికి మొరాయించింది. బకెట్ నీళ్లు పోస్తే అంతకుముందు కళ్లముందే మాయమయ్యేవి, ఆ ఏడు పావుగంట నిలిచాయి. ఇద్దరు కూలీలు రెండు రోజులు కూర్చుని కంకరంతా బయటికి తీసి టార్పాలిన్ మీద పరిచి కడిగారు. పైన ఇసుక పొర తీస్తుంటే పారకు రెండు వేళ్ల మందాన నల్లటి పెచ్చు తగిలింది. చేత్తో విరిస్తే విరిగింది, లోపల పావురం ఈకలు. వానలో కొట్టుకొచ్చిన సన్నటి మన్ను అట్టలా గట్టిపడి మూత వేసినట్టు కూర్చుంది. అప్పుడు 6,500, మళ్లీ 2023లో 9,000. నాలుగేళ్లకోసారి తప్పదని ఇప్పుడు తెలిసింది. బోరులో దింపిన కేసింగు పైపుకు రంధ్రాలు కొట్టి వాన నీళ్లు నేరుగా బోరులోకే దింపేద్దామని ఒకరు సలహా ఇచ్చారు. ఆ పెచ్చు చూశాక, ఒప్పుకోనందుకు నా భుజం నేనే తట్టుకున్నాను.

2020 అక్టోబరు 13 రాత్రి సంగతి వేరే రాయాలి. నగరంలో ఆ ఒక్క రోజులో 19 సెంటీమీటర్ల వాన. మా స్లాబు మీదే దాదాపు 24,700 లీటర్లు పడ్డాయన్నమాట. సంపు అప్పటికే ముప్పాతిక నిండి ఉంది. అది గంటలో పొంగింది, గుంత నిండింది, గుంత మీది పొంగు వీధి వరద కాలువలోకి పోవాలి. ఆ కాలువేమో అప్పటికే రోడ్డు ఎత్తున పారుతోంది. పదకొండు గంటలప్పుడు గచ్చు మీద బుడగలు కనిపించి టార్చి వేస్తే, మేము బయటికి పంపాల్సిన పైపులోంచి వీధి నీళ్లే లోపలికి తన్నుకొస్తున్నాయి. మురుగు వాసన. పొద్దుటికి గుంతలో, సంపులో అదే నీరు. తోడి, బ్లీచింగు వేసి కడిగించి, ఆ పైపుకు నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు పెట్టించడానికి 2,800 అయింది. వాల్వు మొదటే పెట్టాల్సిందని ఆ తర్వాత అందరూ చెప్పారు.

వీధి నీళ్లలో మురుగు ఎందుకుంది? మా దగ్గర వరద కాలువ వేరు, డ్రైనేజీ వేరు అని పేరుకే. కొన్ని ఇళ్ల మరుగుదొడ్డి పైపులు వరద కాలువలోకి, ఇంకొన్ని ఇళ్ల స్లాబు పైపులు డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లోకి కలిపారు. గట్టి వాన పడితే మ్యాన్‌హోల్ మూతలు లేచేది అందుకే. జూన్‌కు ముందు కాలువ పూడిక తీస్తారు. తీసిన పూడికను అంచునే కుప్ప పోస్తారు. తొలకరి దాన్ని భద్రంగా మళ్లీ లోపలికి చేరుస్తుంది.

మా కాలనీ ఏం తక్కువ తినలేదు. 2018లో 152 ఇళ్లవాళ్లం ఇంటికి వెయ్యి చొప్పున వేసుకుని, పల్లపు వీధి చివర నాలుగు పెద్ద ఇంకుడు గుంతలు తవ్వించాం, ఒక్కోటి 38,000. కొబ్బరికాయ కొట్టాం, ఫోటోలు దిగాం. రెండేళ్లకు మూడు గుంతల మీద గడ్డి మొలిచింది. ఏటా శుభ్రం చేయించడానికి మొత్తం 30,000 అడిగారు, ఇంటికి 200 కూడా పడదు. మీటింగులో చేతులు లేవలేదు. కట్టడానికి వెయ్యి తీసిచ్చిన చెయ్యే కడగడానికి రెండు వందలకు జేబులోనే ఉండిపోయింది. రోడ్ల మీద పడ్డ నీళ్లను చూసుకోవడం నా ఒక్కడి సంపుతో అయ్యే పని కాదని 2020లో కళ్లారా చూసినవాళ్లే వాళ్లంతా.

సరే, అసలు లెక్క. నిర్వహణకు తొమ్మిదేళ్లలో 68,800, ఏడాదికి సగటున 7,600 పైనే. పెట్టుబడిలో 46 శాతం మళ్లీ పెట్టాను. దానిలో గుంత వాటా 15,500 మాత్రమే, మిగతాదంతా సంపు, దాని బలగం తిన్నది.

ఆదా ఎంత? ఇక్కడే నా అంచనా తప్పింది. హైదరాబాద్‌లో ఏడాదికి 800 మిల్లీమీటర్ల చొప్పున వాన వేసుకుంటే, వృథా పోను మా స్లాబు నుంచి 80,000 లీటర్లు దాటి రావాలి. వస్తాయి కూడా, కానీ దాదాపు అన్నీ జూన్‌కూ అక్టోబరుకూ మధ్య వస్తాయి. అప్పుడు బోరులోనూ నీళ్లుంటాయి. నీళ్లు కావలసిన ఏప్రిల్‌కు సంపు ఎప్పుడో సంక్రాంతికే ఖాళీ. నిజంగా తప్పిన ట్యాంకర్లు సంపు వల్ల ఏడాదికి రెండో మూడో. ట్యాంకరుకు 800 వేసుకున్నా 2,400. దాన్ని నిలబెట్టడానికి ఏటా అయ్యేది దాదాపు 5,900. బ్యాంకులో వేసుకున్నా ఇంతకంటే నయం.

గుంత సంగతి వేరు. ట్యాంకర్ల పద్దు చూడండి: 2018లో 9, 2019లో 10, 2020లో 4, 2021లో 1, 2022లో సున్నా, 2023లో 2, 2024లో 7, 2025లో 3. ఘనతంతా గుంతదే అననని ముందే చెబుతున్నాను. 2020, 21లో వానలు బాగా పడ్డాయి, 2024 వేసవిలో నగరమంతా ట్యాంకర్ల వెంటపడింది. పైగా మా నేల కింద గ్రానైటు. నీరు బండ పగుళ్ల వెంట ఎటు పోతుందో బండకే తెలియాలి. నేను ఇంకించింది పక్కవారి బోరులో తేలి ఉండొచ్చు, వాళ్లది నా బోరులోకి వచ్చి ఉండొచ్చు. అయినా అంతకుముందు ఉగాదికి ఆగిపోయిన బోరు ఇప్పుడు మామూలు ఏడాదిలో మే సగం దాకా లాగుతోంది. 21,000కు, ఏడాదికి 1,700 నిర్వహణకు అంతకంటే ఆశించను.

సంపుకు ఒక్క విషయంలో అన్యాయం చేయకూడదు. మా బోరు నీళ్లలో లవణాలు మీటరుతో చూస్తే లీటరుకు 900 మిల్లీగ్రాములకు అటూ ఇటూ, వాన సంపులో 60. రెండేళ్లకోసారి గీజరు కాయిల్ తెల్లగా పెచ్చులు కట్టి కాలిపోయేది. ఇప్పుడు ఆరేళ్లుగా అదే కాయిల్, ఎందుకంటే వాన నీళ్లున్నన్నాళ్లూ గీజరుకూ వాషింగ్ మెషీనుకూ అవే. తాగడానికి వాడం. మా అత్తగారు మాత్రం వడకట్టి, మరిగించి కందిపప్పు ఉడకబెడతారు, మాట వినరు. పప్పు వెన్నలా ఉంటుందన్నది నిజమే.

మళ్లీ కడితే సంపు విడిగా కట్టను. జాలీ ఫిల్టరు, తొలి నీటికి 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, ఉన్న సంపులోకే వాన నీళ్లు దింపుతాను. ఫిల్టరు బాగా పట్టించుకునే ఓపిక లేకపోతే అది కూడా మానేసి, నీళ్లన్నీ గుంతకే వదులుతాను. ఆ మిగిలిన డబ్బుతో గుంతను పెద్దది చేస్తాను.

పోయిన నెల వెనుక వీధిలో ఇల్లు కడుతున్న రిటైర్డు మాస్టారు వచ్చారు. ఎప్పటిలాగే ఎంతయిందని అడిగితే ఈసారి నోటితో చెప్పకుండా నోటుబుక్కే చేతిలో పెట్టాను. రెండు రోజులుంచుకుని తెచ్చి ఇచ్చారు. సంపు మేస్త్రీ ఊసెత్తలేదు. గుంత పూడిక తీసే ఆ ఇద్దరు కూలీల ఫోను నంబరు మాత్రం రాసుకుని వెళ్లారు.