జీకే-3నా, జీకే-5నా? గిటార్‌తో సన్నాయి పలికించాలంటే

హనుమకొండ పెళ్లిళ్లలో గిటార్ వాయిస్తాను. బతుకమ్మ పాటలకు ఆ తీగల మీదే సన్నాయి, వేణువు పలకాలని నా కోరిక. దానికి సింథ్ (వేరే వాయిద్యాల శబ్దాలు పుట్టించే యంత్రం) కావాలి, తీగతీగకూ విడి పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చేది) కావాలి.

రోలాండ్ జీకే-3, బాస్ (BOSS) కంపెనీ జీకే-5 అలాంటి పికప్‌లే. రెండూ బ్రిడ్జి (గిటార్ మీద తీగలు ఆనే పట్టీ) పక్కనే ఉండి ఆరు తీగల సిగ్నళ్లను వేరువేరుగా పట్టుకుంటాయి. రెండింటికీ స్టీల్ తీగలే ఉండాలి. జీకే-3 వాటిని అనలాగ్‌గానే 13 పిన్నుల కేబుల్‌లో పంపుతుంది, డిజిటల్‌గా మార్చేది సింథ్. 2023లో వచ్చిన జీకే-5 పికప్ దగ్గరే మార్చేసి, సన్నటి టీఆర్‌ఎస్ కేబుల్‌లో (గుండ్రటి జాక్ ఉండేది) పంపుతుంది. పందిట్లో మసక వెలుతురులో ఈ జాక్ పెట్టడం ఎంత హాయో! 13 పిన్నులను సరిగ్గా కూర్చోబెట్టాలంటేనే నాకు టెన్షన్.

అయితే డిజిటల్ కాబట్టి ఆలస్యమే ఉండదనుకోకండి. లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది, ఒక్క కంపనానికే 12 మిల్లీసెకన్లు. స్వరాన్ని గుర్తుపట్టి సింథ్‌ను పలికించాలంటే కనీసం అంతైనా ఆగాలి. అందుకే సన్నాయి గమకాలను నేను సన్న తీగల మీదే వాయిస్తాను.

ఇంట్లో పాత 13 పిన్నుల సింథ్ ఉంటే జీకే-3 చాలు. కొత్తగా బాస్ కంపెనీ సింథ్ జీఎం-800 కొనేవాళ్లు జీకే-5 తీసుకోండి. జీకే-3 ఉన్నవాళ్లు దాన్ని పారేయక్కర్లేదు, జీకేసీ-ఏడీ కన్వర్టర్‌తో జీఎం-800కి కలపొచ్చు.