ఒరెగాన్ ట్రైల్ ఆట: నది దగ్గర బండి ఆగినప్పుడే అసలు పాఠం

పూర్వం ఎడ్లబండ్ల మీద అమెరికా పడమటి వైపు ఒరెగాన్‌కి వలసవెళ్ళిన దారి ఒరెగాన్ ట్రైల్, ఆ ప్రయాణాన్ని మనచేత చేయించే కంప్యూటర్ ఆట ఇది. దీని పేరెత్తితే చాలు, ఇక్కడ అమెరికాలో పుట్టి పెరిగిన మా ఆఫీసు వాళ్ళు, ఆటలో బండివాళ్ళు జిగట విరేచనాలతో చచ్చిపోయే జోకే వేస్తారు. వాళ్ళ చిన్నప్పటి బడిలో అదో సరదా. నేను దీన్ని పిల్లల చేత ఇంతకాలం ఆడించడానికి కారణం వేరే ఉంది. నది దగ్గరికి రాగానే బండి ఆగిపోతుంది చూడండి, అదీ సంగతి.

మేం ఆడేది బ్రౌజర్‌లో తెరుచుకునే పాత వెర్షన్. ఏడాది 1848. మిస్సోరీలోని ఇండిపెండెన్స్‌లో సరుకులు కొనుక్కుని ఎడ్లు కట్టుకుని బయలుదేరాలి. నది రాగానే వెడల్పు ఇంత, లోతు ఇంత అని అడుగుల్లో చెప్పి, ఏం చేస్తావని అడుగుతుంది. నీళ్ళలోంచి తోలుకుపోవచ్చు. బండి సందులు పూడ్చి పడవలా తేల్చవచ్చు. బల్లకట్టు ఉంటే అయిదు డాలర్లిచ్చి ఎక్కొచ్చు. లేదా గట్టు మీదే మకాం వేసి నీళ్ళు తగ్గుతాయేమో చూడొచ్చు.

మా అమ్మాయికి నాలుగో తరగతిలో ఒరెగాన్ చరిత్ర వచ్చినప్పుడు మొదలుపెట్టాం. మేముండేది పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో, ఆ చరిత్ర మా ఊళ్ళదే. బండిలోని అయిదుగురికీ ఇంట్లోవాళ్ళ పేర్లే పెట్టింది. ఇల్లినాయ్ రైతుగా మొదలెడితే చేతిలో నాలుగొందల డాలర్లే ఉంటాయి, బ్యాంకరుకైతే పదహారొందలు. ఎడ్లకి, తిండికి పోగా మిగిలింది తక్కువ కదా, కాన్సాస్ నది దగ్గర బల్లకట్టుకి అయిదు డాలర్లు దండగ అనుకుని బండిని తేల్చేసింది. తిరగబడింది. బట్టలు పోయాయి, ఎడ్లు పోయాయి, తాతయ్య మునిగిపోయారు.

అసలు తాతయ్య, అంటే మా మామయ్యగారు, అప్పుడు పక్క సోఫాలోనే ఉన్నారు. ఆయనది కోనసీమ. "ఏమ్మా, అయిదు డాలర్లకి నన్ను నీళ్ళలో వదిలేశావా?" అని కళ్ళజోడు సర్దుకుని స్క్రీన్ దగ్గరికి వచ్చారు. అప్పటిదాకా దాన్ని వీడియోగేమ్ అని పట్టించుకోని మనిషి. వంతెనలు లేని రోజుల్లో రేవు దగ్గర ఎలా కాచుకునేవారో, వరద వస్తే పెళ్ళివారయినా గట్టున ఆగాల్సిందేనని, పడవవాడు రానన్నాడంటే వాడిని బతిమాలకూడదని ఆ సాయంత్రమంతా చెప్పారు. తర్వాతిసారి బిగ్ బ్లూ నది దగ్గర ఇద్దరూ కలిసి బండి ఆపేశారు. అక్కడ బల్లకట్టు ఉండదు. రోజులు గడిచేకొద్దీ తిండి తరుగుతోంది, మా అమ్మాయికి ఒకటే టెన్షన్. ఇక్కడ ఆలస్యం చేస్తే ముందు కొండల్లో మంచు పడిపోతుంది కదా అని ఆ పిల్లే అడిగింది. గడ్డి మొలిచాక, ఏప్రిల్, మే నెలల్లో బయలుదేరి మంచు పడకముందే రెండువేల మైళ్ళు దాటాలన్న లెక్క అప్పుడే బుర్రకెక్కింది. అంతకుముందు పుస్తకంలోంచి నేనెన్నిసార్లు చదివించినా ఎక్కలేదు.

అప్పట్లో తెలిసిన ప్రతి తల్లికీ దీన్ని ఆడించమని చెప్పాను. ఇప్పుడైతే కాస్త ఆచితూచి చెబుతాను. రెండున్నర అడుగుల లోపైతే తోలుకుపోవచ్చని, ఎప్పుడూ బ్యాంకరునే ఎంచుకుంటే డబ్బు గొడవే ఉండదని పిల్లలు కనిపెట్టేస్తారు. ఆ తర్వాత నది దగ్గర ఆలోచించేదేమీ ఉండదు, గబగబా ఒక అంకె నొక్కడమే. వేట సంగతి సరేసరి. ఎన్ని అడవిదున్నల్ని కాల్చినా బండికి మోసుకురాగలిగేది వంద పౌన్లే అని ఆట చెబుతుంది, అయినా వేట వస్తే మా అబ్బాయి గుళ్ళు అయిపోయేదాకా కాలుస్తూనే ఉంటాడు. (1971లో మినియాపొలిస్‌లో ముగ్గురు కుర్ర టీచర్లు దీన్ని రాసినప్పుడు స్క్రీనే లేదు, అంతా టెలిటైప్ అనే టైపు మిషను కాగితం మీదే. వేట కావాలంటే 'బ్యాంగ్' అని తప్పుల్లేకుండా గబగబా టైప్ చేయాలి. మావాడికి అదే పెట్టాలి, స్పెల్లింగైనా వస్తుంది.)

ఇందులో లేనివాటిని మనమే పూరించుకోవాలి. తెర మీద గూడుబండి కదులుతుంటే పిల్లలు అందరూ దాంట్లో కూర్చుని వెళ్ళారనుకుంటారు. నిజానికి చాలామంది నడిచారు. బండికి స్ప్రింగులు లేవు, ఎడ్లకి సరుకుల బరువే ఎక్కువ. మనిషికి రెండొందల పౌన్ల పిండి పట్టుకెళ్ళమని అప్పటివాళ్ళ సలహా. మనింటికొచ్చే ఇరవై పౌన్ల బియ్యం బస్తాలు పది అన్నమాట, ఒక్క మనిషికి. చెట్లు లేని మైదానాల్లో అడవిదున్నల పేడ ఏరి పొయ్యిలో పెట్టుకున్నారని చెబితే మామయ్యగారు మాత్రం ఆశ్చర్యపోలేదు, పిడకలేగా అన్నారు.

పెద్ద లోటు ఇంకోటి. స్నేక్ నది దగ్గర డబ్బు కాకుండా బట్టలు తీసుకుని దాటించే ఆదివాసీ మనిషి కనిపిస్తాడు. ఆ నేల ఎవరిదన్న ప్రశ్న మాత్రం మేం ఆడే వెర్షన్‌లో ఎక్కడా రాదు. ఒరెగాన్‌కి వచ్చి స్థిరపడేవాళ్ళకి భూమి ఇచ్చే 1850 చట్టం ప్రకారం పెళ్ళయిన తెల్లజంటకి 640 ఎకరాలు ఇచ్చారు, అక్కడి తెగలతో ఒప్పందాలు ఖాయం కాకముందే. మా అమ్మాయికి అది తెలిసింది పెండిల్టన్ దగ్గర ఆ తెగలవాళ్ళే నడిపే టమాస్ట్‌స్లిక్ట్ మ్యూజియంకి వెళ్ళాకే. ఆ రాత్రి హోటల్లో చాలా ప్రశ్నలు వేసింది. కొన్నిటికి నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి కొనాలా, ఆడించాలా అంటే మీ ఇల్లు చూసుకోండి. మాకు బార్లో రోడ్డు, అంటే ఆ బండ్ల దారిలో చివరి కొండదారి, కారులో పోయేంత దూరం, పక్కన వరద చూసిన తాతయ్య ఉన్నారు. ఒంటరిగా ట్యాబ్ చేతికిస్తే ఇంతా నేర్చుకుంటారని నేననుకోను. చదవడం బాగా రాని పిల్లలకైతే అస్సలు వద్దు. మావాడు ఇప్పుడు తనకీ విడిగా ఆట పెట్టమని గోల చేస్తున్నాడు, వేట కోసమే. వాడికి ఇంకో రెండేళ్ళు ఆగి ఇస్తాను, అదీ రైతుగా ఆడితేనే.