నేల తాబేలు పెల్లెట్లు: కొనొచ్చు, కానీ రోజూ ఇవే వద్దు

మా నేల తాబేలుకి కొన్నాళ్లుగా ఈ గడ్డి పెల్లెట్లు పెడుతున్నా. సరుకు బాగుంది కానీ ప్యాకెట్ మీద రాసిన "సంపూర్ణ ఆహారం" అన్న మాట మాత్రం నమ్మకండి.

వెనక రాసిన పదార్థాల్లో మొదటిది ఎండుగడ్డి, పీచు ఎక్కువ, ప్రొటీన్ తక్కువ, ఫాస్ఫరస్‌కి రెట్టింపు కాల్షియం, గడ్డి మేసే జాతులకి కావాల్సింది ఇదే. మొక్కజొన్న, సోయా ముందున్నవి కనిపిస్తే అసలు కొనకండి. రంగులు కూడా కలపలేదు (ఎర్ర, పసుపు గుళికలు తాబేలు కోసం కాదు, కొనే మన కోసం).

పొడిగా పెట్టొద్దు, నీళ్లలో నానబెట్టి మెత్తబడ్డాకే పెట్టండి, నానితే బాగా ఉబ్బుతాయి కాబట్టి కొన్ని చాలు. నేను వారానికి ఒకటి రెండుసార్లే ఇస్తా. మిగతా రోజులు పచ్చిగడ్డి, మందు కొట్టని మందార ఆకులు, పూలు. పాలకూర రోజూ వేసేవాళ్లున్నారు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందనివ్వవు. పళ్లు కూడా గడ్డి మేసే జాతులకి పడవు, పొట్ట పాడవుతుంది. రెడ్ ఫుటెడ్ తాబేలు లాంటి, అడవుల్లో ఉండే జాతులైతే వేరే లెక్క, అవి పళ్లు తింటాయి.

విటమిన్ డీ3 (కాల్షియం ఒంటికి పట్టడానికి కావాల్సింది) కలిపామని గొప్పగా రాశారు, అది చూసి ఎండ గానీ యూవీబీ లైటు (ఎండలోని అతినీలలోహిత కిరణాలిచ్చేది) గానీ మానేస్తే పెంకు మెత్తబడుతుంది, ఆ టెన్షన్ మీకెందుకు.

ప్యాకెట్‌కి జిప్ లేకపోవడం మాత్రం చిరాకు, కొంచెం తేమ తగిలినా బూజే. వేరే డబ్బాలో పోసుకోవాలి. ఐదుకి నాలుగు స్టార్లు.